రహస్యానికి డోలు కాపలా

కామేశానికి ప్రభుత్వం మీద ఉన్నంత నమ్మకం ప్రభుత్వానికి తన మీద తనకే ఉండి ఉండదు. గౌతమీపురం నీటిపారుదల కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటుగా చేస్తున్న ఈ మనిషి, వీధి కుళాయిలో నీళ్ళు రాకపోతే అందరిలా బిందె పట్టుకుని పక్క వీధికి పోడు. కుర్చీ లాక్కుని, కళ్ళజోడు తుడుచుకుని, మున్సిపాలిటీకి అర్జీ రాస్తాడు. ఆ అర్జీ ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదికి నడుస్తూ ఉండగానే వర్షాకాలం వచ్చేస్తుంది. "చూశావా మందా, నీళ్ళొచ్చేయి" అంటాడు భార్యతో, ఛాతీ విరుచుకుని.

భార్య మందాకిని హైస్కూల్లో లెక్కలు చెబుతుంది. అర్జీకీ వానకీ సంబంధం లేదని నిరూపించడం ఆవిడకి చిటికెలో పని. కానీ మొగుడి మీద ప్రేమ కొద్దీ ఊరుకుంటుంది. అలా ఊరుకోవడం వల్లే తర్వాత ఇంత గొడవ జరిగిందని ఆవిడ ఇప్పటికీ అంటుంది.

జరిగిందేమిటంటే, మందాకినికి నెల తప్పింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఇది మూడోసారి. మొదటి రెండుసార్లూ కడుపు నిలవలేదు. మొట్టమొదటిసారి కామేశం ఆనందం పట్టలేక ఆఫీసులో, వీధిలో, బంధువుల్లో ఎవర్నీ వదలకుండా పూతరేకులు పంచాడు. తర్వాత ఏ గుమ్మంలో పూతరేకులు తిన్నారో ఆ గుమ్మం వాళ్ళందరూ వరసగా పరామర్శకి వచ్చారు. "అయ్యో, ఎలా జరిగిందమ్మా?" అని ఒక్కొక్కరూ అడగడం, ఒక్కొక్కరికీ మందాకిని మొదట్నుంచీ చెప్పడం. పోయిన బాధని ఎలాగో దిగమింగింది గానీ, దాన్ని ఊరందరికీ అప్పగించిన బాధ మాత్రం ఆవిడకి ఈనాటికీ పోలేదు. రెండోసారి పూతరేకులు లేవు. అయినా ఎలా పొక్కిందో పొక్కింది, పరామర్శలు మాత్రం తప్పలేదు.

అందుకని ఈసారి ఆవిడ పడగ్గదిలో తలుపు వేసి, గొంతు తగ్గించి, గట్టిగా చెప్పింది. "ఐదో నెల దాటేదాకా మనిద్దరికీ, డాక్టరమ్మకీ తప్ప ఇంకో ప్రాణికి తెలియకూడదు. మీ అక్కయ్యకి కూడా. ఒట్టేయండి."

కామేశం ఒట్టేశాడు. అతను మాట మీద నిలబడే మనిషే, సందేహం లేదు. అయితే ఆ మాట జరిగిన ఇంట్లో వాళ్ళిద్దరే లేరు. హాల్లో గోడకి టీవీ ఉంది. వంటింట్లో ఫ్రిజ్ ఉంది. వాకిట్లో కారు ఉంది. మూడూ కొత్తవి, మూడూ ఇంటర్నెట్టుకి కలిసినవి, మూడూ మనిషి మాట వింటాయి. ఇళ్ళల్లో ఒకరి మాట ఒకరు వినడం మానేశాక వస్తువులు ఆ బాధ్యత నెత్తిన వేసుకున్నాయి. అందులో వాటి తప్పు పట్టడానికేమీ లేదు.

మర్నాడు కామేశం వార్తలు పెడితే టీవీలో ఉయ్యాలలు ఊగాయి. పసిపిల్లల సబ్బులు, డైపర్లు, బోసినవ్వులు. వంటింట్లో ఫ్రిజ్ తలుపు మీది చిన్న తెర వెలిగి, "చింతకాయ పచ్చడి అయిపోవచ్చింది. ఈమధ్య వాడకం బాగా పెరిగింది. అభినందనలు!" అంది.

అయినా అది ఇంట్లో సంగతి. కారు మాత్రం వీధిన పడేసినంత పని చేసింది. ఆదివారం నాడు కామేశం అక్కగారు భ్రమరాంబని బస్టాండు నుంచి తీసుకొస్తున్నాడు. భ్రమరాంబ చెవిన పడ్డ వార్త గోదావరి దాటడానికి పడవ అక్కర్లేదు. ఆవిడ వెనక సీట్లో సర్దుకుని కూర్చుందో లేదో, కారు తియ్యటి గొంతుతో, "నమస్కారం కామేశం గారూ. మొన్నటిలాగే ప్రసూతి ఆసుపత్రికి పోనిద్దామా?" అని అడిగింది.

"ఏంట్రా ఇది, ప్రసూతి అంటోందీ?" అంది భ్రమరాంబ.

"దీనికి మతి లేదక్కా. నిన్న పశువుల ఆసుపత్రి అంది. కొత్తది కదా, ఇంకా ఊరు తెలీదు" అన్నాడు కామేశం.

భ్రమరాంబ నమ్మినట్టే కనిపించింది. కానీ ఇల్లు చేరేదాకా మరదలు కడుపు గురించి తప్ప ఇంకేమీ మాట్లాడలేదు.

ఆవిడ్ని తిరుగు బస్సు ఎక్కించి వచ్చాక కామేశం సోఫాలో కూలబడ్డాడు. సంగతి విని మందాకిని, "ఇంతేనా? టీవీ ప్లగ్గు పీకేస్తే సరి. కారు మాటలు కట్టేయించండి. ఫ్రిజ్ తెర మీద ఓ గుడ్డ కప్పుతాను" అంది.

"అలా ఎవరికి వాళ్ళు ప్లగ్గులు పీక్కుంటూ పోతే ఇక ప్రభుత్వం ఎందుకు మందా? దీనికోసమే కొత్తగా కార్యాలయం పెట్టేరు. పేపర్లో వచ్చింది. రేపు సెలవు పెట్టి వెళ్తాను" అన్నాడు.

మందాకిని ప్రేమ కొద్దీ మళ్ళీ ఊరుకుంది.

గృహ గోప్యతా పరిరక్షణ ఉప సంచాలకుల వారి కార్యాలయం కలెక్టరేటు వెనకాల, ఒకప్పుడు విత్తనాల గోదాముగా ఉన్న భవనంలో ఉంది. గుమ్మం దగ్గర కామేశం వేలిముద్రలు, కంటిపాప, గొంతు, ఇంటి చిరునామా తీసుకున్నారు. నాలుగు పక్కల నుంచీ ఫొటో తీశారు. "ఇదంతా ఎందుకండీ?" అని అడిగితే, "వచ్చినవాళ్ళ గోప్యత కోసమేనండీ" అన్నాడు అటెండరు, ఫొటో నోటీసు బోర్డుకి అంటిస్తూ.

లోపల పెద్ద హాలు. బెంచీల నిండా జనం. ఎదురుగా ఎత్తు మీద ఉప సంచాలకులు త్రినాథమూర్తిగారు. ఆయన ముందు మైకు, మైకుకి అటుపక్క అర్జీదారు నిలబడాల్సిన చోట సుద్దతో గీసిన గుండ్రం. పౌరుల పనులన్నీ పారదర్శకంగా జరగాలని కొత్త ఆదేశం వచ్చిందట. అందుకని ఇక్కడ ఎవరి రహస్యం వాళ్ళు మైకులోనే చెప్పుకోవాలి.

"తమరి గోప్యత ఏమిటి?" అన్నారు త్రినాథమూర్తిగారు.

"అది చెప్పకూడదనేనండీ వచ్చేను" అన్నాడు కామేశం. హాలంతా వినపడింది.

"సంతోషం. అయితే సదరు గోప్యత వాస్తవముగా ఉన్నదని కార్యాలయానికి రూఢి కావలెను. లేని గోప్యతకు రక్షణ మంజూరు చేసినచో రేపు ఆడిట్ వారికి సంజాయిషీ ఎవరిచ్చుకుంటారు?"

"ఉందండీ. ఒట్టు."

"ఒట్టు అనే ప్రక్రియ నిబంధనావళిలో లేదు. ఇద్దరు గెజిటెడ్ అధికారులు తమరి రహస్యమును ఆసాంతం ఆలకించి, ఇది నిశ్చయముగా రహస్యమే, మాకు తప్ప మరెవ్వరికీ తెలియదు అని ధ్రువీకరించాలి."

"వాళ్ళకి తెలిస్తే ఇంక రహస్యం ఏముందండీ?"

"ధ్రువీకరణ పొందిన రహస్యం ఉంటుంది" అన్నారు త్రినాథమూర్తిగారు ఓపికగా. "ధ్రువీకరణ లేని రహస్యం కేవలం మాట్లాడకపోవడం. దానికి మేము బాధ్యులం కాము."

కామేశానికి ఈ భాష పరాయిది కాదు. తన ఆఫీసులో పొలం ఎండిపోయిందని వచ్చిన రైతులతో తనూ ఇలాగే మాట్లాడతాడు. బల్లకి ఇటువైపు నిలబడి వినడం మాత్రం ఇదే మొదలు.

"పోనివ్వండి. తరగతి అయినా సెలవియ్యండి. ఆర్థికమా, ఆరోగ్యమా, దాంపత్యమా, ఇతరమా?"

ఆర్థికం కాదు. ఆరోగ్యం అంటే ఏం జబ్బని అడుగుతారు. దాంపత్యం అంటే వెనక బెంచీలు కిసుక్కుమంటాయి. ఆఖరికి కామేశం, "ఇతరం" అన్నాడు.

త్రినాథమూర్తిగారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఇతరం! ఆర్థికం అన్నచో ఎంత ఉండునో ఊహించవచ్చు. దాంపత్యం అన్నచో ఏముండునో లోక విదితం. ఇతరానికి మాత్రం హద్దు లేదు. హద్దు లేని రహస్యం ప్రథమ శ్రేణి కిందికి వస్తుంది. ఈ జిల్లాలో తమరిదే మొదటిది." ఆయన లేచి నిలబడి చెయ్యి కలిపారు. "ప్రథమ శ్రేణికి ధ్రువీకరణ అవసరం లేదు. దాన్ని వినే స్థాయి గల అధికారి పోస్టు ఇంకా భర్తీ కాలేదు."

బెంచీల మీది వాళ్ళు చప్పట్లు కొట్టారు. కామేశం గాల్లో తేలుతూ ఇంటికొచ్చాడు. "నోరు విప్పకుండా పని సాధించుకొచ్చేను మందా! ప్రథమ శ్రేణి! ఒకటే షరతు, టీవీ, ఫ్రిజ్, కారు ఏవీ ఆపకూడదుట. ఆపితే అవేం వింటున్నాయో వీళ్ళకి తెలిసే దారుండదు కదా. ప్లగ్గు పీకితే సాక్ష్యం చెరిపేసినట్టేనట."

"మరి కాపాడ్డం ఎలాగట?" అంది మందాకిని.

"వాళ్ళే చూసుకుంటారు" అన్నాడు కామేశం.

చూసుకున్నారు. రెండు రోజులైనా తిరక్కుండానే వీధిలోకి మైకు కట్టిన ఆటో వచ్చింది. "ఇందుమూలంగా పుర ప్రజలకు తెలియజేయునది ఏమనగా, పాత పోస్టాఫీసు వీధిలో చల్లా కామేశం గారి ఇంట ప్రథమ శ్రేణి రహస్యం ఒకటి ఉన్నదని కార్యాలయం వారు గుర్తించినారు. కావున సదరు రహస్యమును గురించి ఎవ్వరూ ఆలోచించరాదు, ఊహించరాదు, ఇరుగుపొరుగుతో ముచ్చటించరాదు. సదరు రహస్యంపై ఎవరికైనను హక్కు గానీ, వాటా గానీ, అభ్యంతరం గానీ ఉన్నచో కార్యాలయం వారిని సంప్రదించగలరు." ఆటో వీధి ఆ చివరికి పోయి, అర్థం కానివాళ్ళ కోసం మళ్ళీ ఈ చివరికి వచ్చింది.

అంతవరకూ కామేశం గురించి ఆ వీధిలో ఎవరూ ఆలోచించి ఎరగరు. ఆలోచించేంత సరుకు ఆ మనిషిలో లేదు. ఆలోచించవద్దన్నాక ఇంకో పని చేయబుద్ధి కాలేదు ఎవరికీ. పెరట్లో లంకెబిందెలు దొరికాయని ఒకరు. కాదు, రాజోలులో రెండో సంసారం ఉందని ఇంకొకరు. కామేశం పైకలా కనిపిస్తాడు గానీ ఢిల్లీ మనిషని, నీటిపారుదల ఉద్యోగం ఒట్టి వేషమని ఇస్త్రీ కొట్టు దగ్గర తీర్మానించారు. ఆ వారమంతా ఇస్త్రీ అతను కామేశం చొక్కాలకి డబ్బులు తీసుకోలేదు.

ఆటో తిరిగిన మర్నాడే మొదటి బస్సుకి భ్రమరాంబ దిగింది. చెప్పులు విప్పకుండానే, "నాన్న పోయే ముందు నిన్నొక్కణ్ణే పక్కన కూచోబెట్టుకుని ఏదో చెప్పేడు. నాకు గుర్తుంది. అందులో సగం నాది" అంది.

"నాన్న మంచినీళ్ళు అడిగేడక్కా. ఇది నాన్నది కాదు."

"మరెవరిదిరా?"

"మా ఇద్దరిదీ."

"మీ ఇద్దరిదీ అయితే మైకులో ఎందుకు చెప్పించేవు?"

కామేశం మందాకిని వైపు చూశాడు. ఆవిడ కూడా అదే ప్రశ్న అడుగుతున్నట్టు చూస్తోంది. భ్రమరాంబ మాత్రం కార్యాలయానికి వెళ్ళి, సుద్ద గుండ్రంలో నిలబడి, తమ్ముడి రహస్యంలో తనకి రావలసిన వాటా గురించి మైకులో విన్నవించుకుని, సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయింది.

ఇక అసలు రక్షణ మొదలైంది. ఒక ఉదయం త్రినాథమూర్తిగారు స్వయంగా జీపు దిగారు. ఆయన వెనక, భుజాన డోలు వేసుకుని ఒక నడివయసు మనిషి దిగాడు. పేరు గంగరాజు. పెళ్ళిళ్ళకి వాయిస్తాడు. ఇప్పుడు ముహూర్తాలు లేవు కాబట్టి కార్యాలయం వారు దొరకబుచ్చుకున్నారు.

"పరికరముల చెవులు మూయుట సాంకేతికంగా దుస్సాధ్యం" అన్నారు త్రినాథమూర్తిగారు. "వాటి చెవులు చిల్లులు పడునట్లు ధ్వని చేయుట సులభసాధ్యం. దీనిని శబ్ద కవచం అందురు. తమరు గోప్యముగా సంభాషించునప్పుడెల్ల ఇతడు వాయించును. టీవీకి గానీ, ఫ్రిజ్‌కి గానీ డోలు తప్ప మరేమియూ వినిపించదు."

జీపు వెళ్ళిపోయాక గంగరాజు హాల్లో, టీవీకీ పడగ్గది తలుపుకీ మధ్యలో పీట వేసుకుని కూర్చున్నాడు.

"ఏది రహస్యమో, ఏది మామూలు మాటో నీకెలా తెలుస్తుందోయ్?" అని అడిగాడు కామేశం.

"ఆయ్, ముందు ఇంటానండి. ఇన్నాక రహస్యంలా అనిపిత్తే వాయిత్తానండి. మామూలు మాటకి వాయిత్తే డోలు అరిగిపోద్దని చెప్పేరండి సారుగారు."

"అంటే అన్నీ నువ్వు వింటావన్న మాట."

"ఇనకపోతే ఎలాగండి మరీ? రూలండి" అన్నాడు గంగరాజు, నొచ్చుకున్నట్టుగా.

ఆ పూటే అతనికి సంగతి తెలిసిపోయింది. మందాకిని వంటింట్లో, "డాక్టరమ్మ ఇచ్చిన మాత్ర వేసుకున్నానండీ" అంది. హాల్లో డోలు ఫెళ్ళుమంది. కామేశం చేతిలో కాఫీ ఒలికింది. పక్కింటి గోడ మీది పిల్లి అటు దూకింది. గంగరాజు మంచివాడే, ఎవరితోనూ ఒక్క ముక్క అనలేదు. అనే అవసరం రాలేదు.

ఎందుకంటే వీధి వీధంతా డోలు భాష నేర్చుకుంది. మెల్లిగా, ఆగి ఆగి వాయిస్తే డబ్బు సంగతి. దరువు మారి జోరందుకుంటే మొగుడూ పెళ్ళాల పోట్లాట. సాయంత్రాలు అరుగుల మీద కూర్చున్నవాళ్ళు, "ఇవాళ కామేశంగారికి బాగా పడుతున్నట్టున్నాయి" అనుకుని నవ్వుకునేవారు. అంతకు ముందు ఆ ఇంట్లో పోట్లాటలు జరిగినా గడప దాటేవి కావు.

తర్వాత వేవిళ్ళు మొదలయ్యాయి. పొద్దున లేస్తూనే మందాకిని పెరట్లోకి పరిగెత్తేది. వాంతి చేసుకుంటే వాయించాలా వద్దా అని గంగరాజుకి అనుమానం వచ్చి కార్యాలయానికి ఫోను చేశాడు. "వాంతి కూడా సమాచారమే" అని త్రినాథమూర్తిగారు సెలవిచ్చారు. అప్పట్నుంచీ రోజూ తెల్లవారుతూనే పెరటి గుమ్మంలో డోలు. పోపు వాసన లేచిందంటే డోలు. చింతకాయ పచ్చడి జాడీ మూత తీసిన చప్పుడైతే డోలు.

ఎదురింటి అనసూయమ్మ నలుగుర్ని కని పెంచిన మనిషి. పొద్దున్నే ముగ్గు వేస్తూ ఆ డోలు నాలుగైదు రోజులు శ్రద్ధగా విని, ముగ్గు చిప్ప కింద పెట్టి, "రహస్యమూ లేదు, పాడూ లేదు. ఇవి వేవిళ్ళర్రా!" అని తేల్చేసింది.

పొద్దెక్కేసరికి కామేశం గుమ్మం నిండా ఆడవాళ్ళు. పుల్ల మామిడికాయలు, నిమ్మకాయ ఊరగాయ, ఉసిరికాయ పచ్చడి, ఎవరి చేతిలో ఏది ఉంటే అది. అందరి మొహాల్లోనూ నిజమైన సంతోషమే. "ఈసారి తప్పకుండా నిలుస్తుందమ్మా" అంది ఒకావిడ. "పాపం, మొన్న రెండుసార్లూ..." అని ఇంకొకావిడ కొంగు కళ్ళకి ఒత్తుకుంది. మందాకిని నవ్వుతూ అందరి దగ్గరా అన్నీ అందుకుంది. చివరావిడ వెళ్ళేదాకా నవ్వుతూనే ఉంది. తర్వాత లోపలికి వెళ్ళి మంచం మీద కూర్చుంది.

కామేశం పక్కన కూర్చున్నాడు.

"అందరికీ తెలిసిపోయిందండీ" అంది. "నాకు భయంగా ఉంది. ఈసారి కూడా ఏదైనా అయితే ఇన్ని గుమ్మాలకీ మళ్ళీ జవాబు చెప్పుకునే ఓపిక నాకు లేదండీ. నిజంగా లేదు." ఆవిడ మొహం చేతుల్లో దాచుకుంది.

తలుపు అవతల డోలు మొదలైంది.

కామేశం జీవితంలో మొదటిసారి పట్టరాని కోపంతో తలుపు తోసుకుని వెళ్ళి గంగరాజు చెయ్యి పట్టుకున్నాడు. "ఆపవయ్యా బాబూ! నీకు దణ్ణం పెడతాను."

"ఏడుపు కూడా రహస్యంలోకే వత్తాదని చెప్పేరండి" అన్నాడు గంగరాజు. కానీ డోలు దించేశాడు. పీట మీంచి లేచి, పెరట్లోకి పోయి, బీడీ వెలిగించుకోవడం కూడా మరిచిపోయి అలా నిలబడ్డాడు.

కామేశం కార్యాలయానికి పరిగెత్తాడు. సుద్ద గుండ్రంలో నిలబడి, "ఊరంతా తెలిసిపోయిందండీ. మీ రక్షణ వల్లే తెలిసింది" అన్నాడు.

త్రినాథమూర్తిగారి మొహం చెక్కు చెదరలేదు. "ఊరు మా పరిధిలోనికి రాదు. మా పరిధి పరికరముల వరకే. టీవీకి తెలిసినదా?"

కామేశం ఆలోచించాడు. నిజమే, కొన్నాళ్ళుగా టీవీలో ఉయ్యాలలు లేవు. పట్టుచీరలు, పందిళ్ళు, వంటవాళ్ళ ఫోను నంబర్లు వస్తున్నాయి. కారు కూడా పొద్దున్నే, "కల్యాణ మండపానికి పోనిద్దామా?" అంటోంది. రోజంతా డోలు విని విని, ఆ ఇంట్లో ఆగకుండా పెళ్ళి జరుగుతోందని అవి నిశ్చయించుకున్నాయి.

"చూశారా! పరిపూర్ణ విజయం" అన్నారు త్రినాథమూర్తిగారు. "పైవారికి నివేదిక పంపుతున్నాను. తమరి గృహమును ఆదర్శ గోప్య గృహముగా ప్రకటించవచ్చును."

"వద్దండీ. రద్దు చేసెయ్యండి. ఇప్పుడది రహస్యం కాదు కదండీ?"

"కాదని ఎవరన్నారు? ప్రజలెవ్వరూ ఊహించరాదని మేము స్పష్టముగా ప్రకటించి ఉన్నాము. ఊహించిన వారెవరో చెప్పండి, చర్య తీసుకుంటాము. మా పట్టిక ప్రకారము తమరి ఎదురింట ఉండునది ఎవరామె, అనసూయమ్మగారా?"

కామేశం గబగబా కాదని తల ఊపాడు. ఊరగాయ తెచ్చిచ్చిన పాపానికి ఆవిడ్ని పోలీసు స్టేషనుకి పంపలేడు కదా. గుండ్రం దాటి బయటికొచ్చాడు. ఆ రోజు ఇంటికి వెళ్ళి భార్య ఎదురుగా కూర్చుని, "నువ్వు ప్లగ్గు పీకేద్దామన్నప్పుడే పీకేసి ఉండాల్సింది మందా. నాదే తప్పు" అన్నాడు. డోలు మోగలేదు. అది రహస్యం కాదని గంగరాజు అనుకున్నాడో, విననట్టు ఊరుకున్నాడో తెలియదు.

నెలలు గడిచాయి. మందాకిని భయపడుతూనే ఉంది, కడుపు నిలిచింది. కార్యాలయం వారు కారుకి ఎర్ర దీపం, సైరనూ బిగించి, "ప్రథమ శ్రేణి రహస్యం. దారి ఇవ్వండి" అని బోర్డు కట్టారు. పరీక్షకి ఆసుపత్రికి వెళ్ళిన ప్రతిసారీ బజారంతా పక్కకి తప్పుకుని, "కామేశంగారి భార్యకి ఎన్నో నెల?" అని వేళ్ళు లెక్కపెట్టుకునేది. నొప్పులొచ్చిన రోజున ఆ సైరను ఒక్కటే ఆ మొత్తం పథకంలో ఎవరికైనా పనికొచ్చిన వస్తువు. ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. వరండాలో కామేశం చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. గంగరాజు డోలు సర్దుకోబోతే నర్సు కసిరింది.

పిల్ల పుట్టింది గానీ, కాగితం మీద పుట్టలేదు. జనన ధ్రువపత్రం కోసం మున్సిపాలిటీకి వెళితే గుమాస్తా కంప్యూటరులో చూసి, చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు. "మీ కేసు రక్షణలో ఉందండీ. మీకు పాప పుట్టినట్టు నేను మీతో కూడా అనకూడదు."

"ఇదుగో, పాప నా చేతుల్లోనే ఉంది కదయ్యా!"

"నేను చూడలేదండీ" అన్నాడు గుమాస్తా, నిజంగానే కళ్ళు మూసుకుని.

కామేశం మళ్ళీ సుద్ద గుండ్రంలో నిలబడ్డాడు. త్రినాథమూర్తిగారు దీర్ఘంగా ఆలోచించారు. "జననం అనునది వెల్లడి. వెల్లడి జరగవలెనన్నచో ముందు ఫైలు మూయవలెను. ఫైలు మూయుటకు నేను స్వయముగా తనిఖీ చేసి, ఆ గృహమున మరే రహస్యమూ మిగిలి లేదని తేల్చవలెను."

"ఎల్లుండి బారసాల. భోజనానికి రండి" అన్నాడు కామేశం.

బారసాలకి వీధంతా వచ్చింది. భ్రమరాంబ వెండి గిన్నె తెచ్చి, రహస్యంలో తన వాటా కింద మొదట పిల్లని తనే ఎత్తుకుంది. త్రినాథమూర్తిగారు ఉయ్యాల పక్కనే కుర్చీ వేయించుకుని, ఫైలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. కామేశం పళ్ళెంలో బియ్యం పోసి ఉంగరంతో పేరు రాశాడు. నీలవేణి. అందరూ వంగి పైకి చదివారు. టీవీ కూడా విని, "నీలవేణికి శుభాకాంక్షలు" అంటూ వెండి పట్టీలు చూపించింది. త్రినాథమూర్తిగారు పేరు రాసుకుని, పక్కన టిక్కు పెట్టారు.

అప్పుడు మందాకిని ఉయ్యాల మీదికి వంగింది. పిల్ల చెవి దగ్గర నోరు పెట్టి ఏదో చెప్పడం మొదలుపెట్టింది. పీట మీద ఉన్న గంగరాజు ఆవిడ వైపు చూశాడు. ఏమీ వినకముందే, తల పక్కకి తిప్పేసుకుని, డోలు ఎత్తుకున్నాడు. ఇన్ని నెలల్లో అలా ఎప్పుడూ వాయించలేదు. వాసాలు అదిరాయి, పళ్ళెంలో బియ్యం కదిలి పేరు చెదిరింది. ఆ మోత మధ్యలో మందాకిని తొందర పడకుండా, మనసులో ఇన్నాళ్ళూ దాచుకున్నదంతా చెబుతున్నట్టు చాలాసేపు చెప్పింది. పిల్ల కళ్ళు విప్పి తల్లినే చూస్తోంది. ఆవిడ తల ఎత్తాక డోలు ఆగింది.

త్రినాథమూర్తిగారు చెయ్యెత్తారు. "అమ్మా, తమరిప్పుడు పాప చెవిలో చెప్పినది పేరేనా?"

"పేరు బియ్యంలో రాసేం కదండీ" అంది మందాకిని.

"మరి అదేమిటి?" ఆయన గంగరాజు వైపు తిరిగారు. "నీవు విన్నావా?"

"ఆయ్, నాకేం వినపళ్ళేదండి."

"వినకుండా ఎట్లు వాయించితివి? నిబంధన ఏమైనది?"

"బారసాల కదండీ. బారసాలకి వాయిత్తారండి" అన్నాడు గంగరాజు.

త్రినాథమూర్తిగారి కళ్ళు మెరిశాయి. "అనగా ఈ ఇంట నమోదు కాని గోప్యత ఒకటి, ఏ రక్షణా లేక పడి ఉన్నది! కామేశంగారూ, ఒక్క మాట సెలవియ్యండి. ఈ క్షణమే ప్రథమ శ్రేణి మంజూరు చేస్తాను. సిబ్బందిని పెంచుతాను."

అందరూ కామేశం వైపు చూశారు. జేబులో పెన్ను ఉంది. తుమ్మినా దగ్గినా సరైన మార్గంలో పై అధికారికి తెలియపరచుకునే మనిషి. మందాకిని అతని వైపు చూడటం లేదు, పిల్ల మీద దుప్పటి సర్దుతోంది. ఆవిడ చెప్పిందేమిటో కామేశానికి కూడా వినపడలేదు.

"మా ఇంట్లో రహస్యాలేం లేవండీ" అన్నాడు కామేశం.

బుద్ధెరిగాక ప్రభుత్వంతో అతను నోరు విప్పి ఆడిన మొదటి అబద్ధం అది. ఎంత తేలిగ్గా వచ్చిందో అతనికే ఆశ్చర్యంగా ఉంది. త్రినాథమూర్తిగారు కొంచెం నిరాశపడ్డారు గానీ, ఉన్నదున్నట్టు రాసుకుని, ఫైలు మూసి, సంతకం పెట్టి, పులిహోర రెండుసార్లు వడ్డించుకుని వెళ్ళారు. గంగరాజు పిల్ల అరచేతిలో రూపాయి పెట్టి, డోలు భుజాన వేసుకుని బయల్దేరాడు.

అందరూ వెళ్ళాక కామేశం లేచి టీవీ ప్లగ్గు పీకేశాడు. ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళబోతుంటే, "పాలున్నాయి, ఉండనివ్వండి. గుడ్డ కప్పుతాను" అంది మందాకిని. ఇల్లంతా ఎన్నాళ్ళకో నిశ్శబ్దంగా ఉంది. పాప చెవిలో ఏం చెప్పావని అడుగుదామని నోటిదాకా వచ్చింది అతనికి. మానేసి, ఉయ్యాల తాడు అందుకుని ఊపుతూ కూర్చున్నాడు.